ఆవగింజకు దూరపు చుట్టరికం

గచ్చిబౌలి చౌరస్తా నుంచి లింగంపల్లి వైపు బస్సులో వెళ్ళేవాళ్ళకి ఆ దారి సంగతి నేను చెప్పనక్కరలేదు. చుట్టూ అద్దాల మేడలు, మెడలో గుర్తింపు కార్డు వేలాడేసుకుని పరుగులు తీసే పిల్లలు, మధ్యలో ఎంతకీ తరగని ఒక ప్రహరీ గోడ. ఆ గోడ లోపల ఉన్నది హైదరాబాదు విశ్వవిద్యాలయం. 1974లో ఆబిడ్స్‌లో సరోజినీ నాయుడు గారి ఇంట్లో మొదలై, తరవాత ఈ రాళ్ళ నేలకు వచ్చి స్థిరపడింది. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ తెరిచింది 1998లో. ఇవాళ ఈ ప్రాంతం పేరు చెప్పగానే కంప్యూటర్లు తప్ప ఇంకొకటి గుర్తురావు. ఆ గోడ వెనకాల మొక్కల రోగాల మీద ఏళ్ళ తరబడి పని జరిగిందని మా పక్కింటి అమ్మాయికి చెబితే నమ్మలేదు. అయిదేళ్ళుగా రోజూ ఆ గోడ పక్కనించే ఆఫీసుకు వెళ్తోంది పాపం!

ఆ పని చేసినవారిలో ఒకరు ఆచార్య పి.బి. కీర్తి గారు. హైదరాబాదుకు రాకముందు ఆయన ఢిల్లీలో ఆవ మొక్క మీద పరిశోధనలు చేశారు. ఏ ఆవ అనుకుంటున్నారు? మనం పొద్దున్నే పోపులో వేసే ఆవే. వేరే జాతి మొక్కలో ఉన్న రోగనిరోధక శక్తిని దానికి తెచ్చిపెట్టడానికి ఆ మొక్కా ఈ మొక్కా జీవకణాలను తీసి, రెంటినీ కలిపి ఒకే కణం చేసి, ఆ కణంనుంచి పూర్తి మొక్కను పెంచారు. పువ్వు లేదు, పుప్పొడి లేదు, తుమ్మెద లేదు. ఇదెలా సాధ్యమో, దానివల్ల మనకు ఒరిగిందేమిటో ఈవేళ చెప్పుకుందాం.

ముందు రోగం సంగతి. మా పుట్టిల్లు అనంతపురం జిల్లా. వేరుశనగ తప్ప మరో పంట తెలియని ఊరు. 2000వ సంవత్సరం ఖరీఫ్‌లో చేలు చక్కగా మొలిచి, నెల తిరగకుండానే మొవ్వులు మాడి, కాండం నల్లబడి, వరసలకు వరసలు చచ్చిపోయాయి. మా వదిన చేనుగట్టున కూర్చుని, ‘ఎవరి దిష్టి తగిలిందో’ అంటూ వుండేది. అది దిష్టి కాదు. పొగాకు స్ట్రీక్ వైరస్ అనే సూక్ష్మజీవి. ఆ ఒక్క ఏడు ఆ ఒక్క జిల్లాలో సుమారు 2,25,000 హెక్టార్లలో పంట దెబ్బతిన్నది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. ఆ వైరస్‌ను మోసింది ఏమిటనుకున్నారు? మన దొడ్ల వెంట, రోడ్ల వెంట తెల్లటి పూలతో విరగబూసే వయ్యారిభామ. వైరస్ తనలో ఉన్నా ఆ మొక్కకు ఏ జబ్బూ కనిపించదు. దాని పుప్పొడి గాలికి ఎగిరి వేరుశనగ ఆకుల మీద పడుతుంది. కంటికి కనిపించీ కనిపించని తామర పురుగులు ఆ ఆకును గీకేటప్పుడు పుప్పొడిలోని వైరస్ లోపలికి దిగుతుంది.

అలాంటి తెగులుకు మందు కొట్టి ప్రయోజనం లేదు. వైరస్ సోకిన మొక్కను బతికించే మందు లేదు. బూజు తెగుళ్ళకు మందులున్నా అవి డబ్బుతో పని, పైగా పిచికారీ చేసినప్పుడల్లా ఆ విషం మన ఇంటి మగవాళ్ళ ఒంటిమీదా, మర్నాడు కలుపుకు వెళ్ళే మన ఒంటిమీదా పడుతుంది. మొక్కకే రోగాన్ని తట్టుకునే గుణం ఉంటే, విత్తనంతోపాటే మందు కూడా ఇంటికి వచ్చినట్టు.

ఆ గుణం ఎక్కడ దొరుకుతుంది? తరచుగా దొరికేది పంట మొక్కలో కాదు, దాని అడవి చుట్టాల్లో. మనం వేల ఏళ్ళుగా గింజ లావు, రుచి, నూనె చూసుకుని ఏరుకుంటూ వచ్చాం. ఆ ఏరుకోవడంలో రోగాన్ని తట్టుకునే మొండితనం చాలావరకు చేజారిపోయింది. ఎవరూ నీళ్ళు పోయని అడవి మొక్కకు ఆ మొండితనమే ఆస్తి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు ఇందాక చెప్పిన వైరస్‌కు అడవి వేరుశనగలను గురిచేసి చూశారు. వాటిలో కొన్నిటికి తెగులు ఒళ్ళంతా పాకలేదు. ఆ సంగతి 2007లో ప్రకటించారు.

అయితే ఆ రెంటికీ వియ్యం కలపవచ్చు కదా అంటారేమో. కలపడమే కష్టం. దగ్గరి చుట్టాలైతే పుప్పొడి పనిచేస్తుంది. మన సాంబమసూరి సంగతే చూడండి. దానికి బాక్టీరియా ఎండాకు తెగులు బెడద. ఆఫ్రికా అడవి వరి ఒకదాన్నుంచి ముందే మామూలు వరిలోకి వచ్చిన ఒక జన్యువును, మరో రెంటితో కలిపి, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థవారూ సి.సి.ఎం.బి.వారూ మామూలు సంకరాల ద్వారానే సాంబమసూరిలోకి తెచ్చారు. 2008లో ‘మెరుగుపరచిన సాంబమసూరి’ విడుదలైంది. అక్కడ కణాలు కలపాల్సిన తంటా రాలేదు. దూరపు చుట్టాలైతే అలా కుదరదు. కీలాగ్రం మీద పుప్పొడి మొలకెత్తదు. మొలకెత్తినా పిండం నిలవదు. నిలిచినా పుట్టిన మొక్క గొడ్డుబోతుంది. ప్రకృతి జాతికీ జాతికీ మధ్య కట్టిన గోడ అది.

ఆ గోడను దాటడానికి శాస్త్రజ్ఞులు చేసిన ఆలోచన ఏమిటంటే, పువ్వుల జోలికి పోకుండా ఆకుల జోలికి పోవడం.

మొక్కలో ప్రతి కణానికీ చుట్టూ గట్టి కవచం ఉంటుంది. మన ఒంట్లో కణాలకు అది లేదు. చెరకు నమిలాక మిగిలే పిప్పి, తోటకూర కాడ ముదిరితే పళ్ళకు తగిలే పీచు, అన్నీ ఆ కవచాలే. కవచాలు అడ్డం ఉన్నంతవరకు రెండు కణాలు కలవవు. వాటిని విప్పాలి. చెట్టు మానును కుళ్ళబెట్టి తినే బూజులు ఉన్నాయి కదా, అవి ఆ కవచాన్ని కరిగించే ఎంజైములను తయారుచేసుకుంటాయి. 1960లో ఇంగ్లండులో నాటింగ్‌హామ్‌లోని ఎడ్వర్డ్ కాకింగ్ టొమాటో వేళ్ళమీద అలాంటి ఎంజైమును ప్రయోగించి, కవచాలు కరిగించి, లోపలి కణాలను చెక్కుచెదరకుండా బయటికి తీశాడు. అలా కవచం లేకుండా మిగిలిన కణాన్ని ప్రోటోప్లాస్ట్ అంటారు. సూక్ష్మదర్శినిలో చూస్తే ఆకుపచ్చని గుండ్రటి పూసలా ఉంటుంది. అలాంటి పూసలు మిల్లీమీటరు పొడవులో ఓ పాతికదాకా వరసగా పడతాయి.

ఆ పూసను మామూలు నీళ్ళలో వేస్తే నీళ్ళు తాగి తాగి పగిలిపోతుంది. ఎండుద్రాక్ష నానేస్తే ఉబ్బుతుంది చూడండి, అలాగన్నమాట. కాకపోతే దీనికి ఆపే తొక్క లేదు. అందుకని తగినంత చక్కెరలాంటి పదార్థం కలిపిన నీటిలోనే ఉంచాలి. ఎక్కువైతే ఊరగాయ ముక్కలా ముడుచుకుపోతుంది. ఆవకాయలో ఉప్పు పాళ్ళు తెలిసినవాళ్ళకి ఈ చిక్కు నేను వివరించనక్కరలేదు.

ఇప్పుడు రెండు జాతుల పూసలనూ ఒకే పాత్రలో కలిపి, పాలీ ఇథిలీన్ గ్లైకాల్ అనే చిక్కటి ద్రవం వేస్తారు. పై పూత మందుల్లో, విరేచనం మందుల్లో వాడే పదార్థాల కుటుంబంలోదే అది. దాని ప్రభావంతో పూసలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. కడిగేసినప్పుడు అతుక్కున్నవాటి పొరలు ఏకమై రెండు నూనె చుక్కల్లా ఒకటైపోతాయి. కెనడాలో 1974లో ఈ ఉపాయం బయటపడ్డ తరవాతే ఈ విద్య ఊపందుకున్నది. దానికి రెండేళ్ళ ముందే, 1972లో అమెరికాలో పీటర్ కార్ల్‌సన్ బృందం సోడియం నైట్రేటు వాడి రెండు అడవి పొగాకు జాతులను ఇలా కలిపి మొదటి మొక్కను పెంచింది. ఇప్పుడు విద్యుత్తు ఇచ్చి కలిపే పద్ధతి కూడా ఉంది.

చిక్కేమిటంటే, పాత్రలో ఆవకు ఆవే అతుక్కోవచ్చు. మనకు కావలసిన జంట ఏదో ఎలా తెలియాలి? ఒక జాతి కణాలను ఆకుపచ్చటి ఆకునుంచి, రెండో జాతి కణాలను చీకట్లో మొలిచిన తెల్లటి మొలకనుంచి తీస్తారు. కలిసినవి సగం ఆకుపచ్చ, సగం తెలుపుగా కనిపిస్తాయి. తరవాత వాటికి పోషకాలూ హార్మోనులూ ఇచ్చి పెంచితే కణం మళ్ళీ కవచం కట్టుకుని, రెండై, నాలుగై, చిన్న ముద్ద అవుతుంది. ముద్దనుంచి చిగురు, చిగురుకు వేరు, చివరికి కుండీలో మొక్క. వందల ముద్దల్లో ఏ కొన్నో చిగురుస్తాయి.

కవచం విప్పిన కణం అతికించడం వేరు, మనం చేసే అంటు వేరు. ఇది కలగాపులగం చేసుకోకండి. ఇప్పుడు కొన్ని నర్సరీల్లో ఉస్తికాయ మొక్క వేరు మీద వంగ కొమ్మను అంటుకట్టి అమ్ముతున్నారు, నేలలోనించి వచ్చే ఎండు తెగులు తట్టుకుంటుందని. అక్కడ ఇద్దరూ ఒకే ఇంట్లో వేరు కాపురాలు. వేరు ఉస్తిదే, కాయ వంగదే, గింజ వేస్తే మొలిచేది వట్టి వంగే. కణాల కలయికలో మాత్రం ఇద్దరి జన్యువులూ ప్రతి కణంలోనూ ఉంటాయి.

ఇక మన ఆవ సంగతికి వద్దాం. ఆవకు పెద్ద శత్రువు ఆల్టర్నేరియా అనే బూజు. ఆకుమీద, కాయమీద వలయాలు వలయాలుగా నల్లమచ్చలు వేస్తుంది. గింజ తాలు అవుతుంది, నూనె తగ్గుతుంది. మన ప్రాంతాల్లో ఆవ సాగు తక్కువ కాబట్టి మనకు తెలియదు గాని, రాజస్థాన్, హర్యానా రైతులను అడిగితే చెబుతారు. సాగులో ఉన్న ఆవ రకాల్లో ఈ బూజును గట్టిగా ఎదిరించేది దొరకలేదు. దొరికింది దాని దూరపు చుట్టమైన తెల్ల ఆవలో. పాశ్చాత్యులు రొట్టెకు రాసుకునే పసుపుపచ్చటి మస్టర్డ్ సాస్ ఆ గింజలతో చేసిందే.

ఢిల్లీలో మొక్కల జీవసాంకేతిక పరిశోధన కేంద్రంలో కీర్తి గారూ, శ్యామ్ ప్రకాశ్, వి.ఎల్. చోప్రా మొదలైనవారూ ఈ రెంటి కణాలనూ కలిపారు. ఆ మొక్కలను మళ్ళీ ఆవతో సంకరం చేసి, పిల్లలను పరీక్షించి, ఆ వివరాలను 1996లో ప్రకటించారు. ఇక్కడ ఒక చిన్న లెక్క చెబుతాను. ఆవ కణంలో క్రోమోజోములు 36, తెల్ల ఆవలో 24. పెళ్ళిలా పుప్పొడితో కలిస్తే తల్లి సగం, తండ్రి సగం ఇస్తారు గనక బిడ్డకు 18, 12 కలిసి 30 రావాలి. కణాలే కలిస్తే సగాలు లేవు. 36, 24 మొత్తం 60. ఇద్దరి ఆస్తీ పూర్తిగా వచ్చింది, అప్పులతో సహా!

ఆ అప్పులే అసలు తలనొప్పి. తెల్ల ఆవ రోగనిరోధక శక్తితోపాటు మనకు అక్కరలేని దాని గుణాలన్నీ వచ్చేశాయి. కాబట్టి ఆ మొక్కను మామూలు ఆవతో తరం తరవాత తరం సంకరం చేస్తూ, తెల్ల ఆవ గుణాలను ఒక్కొక్కటే వదిలించుకుంటూ, రోగనిరోధక శక్తి మాత్రం జారిపోకుండా పట్టుకోవాలి. బియ్యంలో రాళ్ళు ఏరడం కాదు, రాళ్ళలో బియ్యం ఏరడం. కణాలు కలపడానికి గంటలు చాలు. ఏరడానికి ఏళ్ళు పడుతుంది. ఎన్నో సంకరాలు గొడ్డువై అక్కడే ఆగిపోతాయి. 2018లో అదే కేంద్రంనుంచి మరో బృందం, ఈ రెండు ఆవల కణాలు కలిపి చక్కగా గింజ కట్టే స్థిరమైన మొక్కలను సాధించామనీ, అవి ఆల్టర్నేరియానూ ఎండ వేడినీ కూడా తట్టుకుంటున్నాయనీ ప్రకటించింది. మొదటి ప్రకటనకూ దీనికీ మధ్య ఇరవై రెండేళ్ళు. బజారులో ఆ విత్తనం ఇంకా రాలేదు. పత్రికల్లో ‘అద్భుత మొక్క’ అని రాసేవాళ్ళు ఈ ఏళ్ళ లెక్క రాయరు, అదే నాకు కోపం.

అద్భుతం అంటే జ్ఞాపకం వచ్చింది. 1978లో జర్మనీలో మెల్కర్స్ అనే శాస్త్రజ్ఞుడు బంగాళాదుంప, టొమాటో కణాలు కలిపి మొక్క తీశాడు. దానికి పొమాటో అని పేరు. పైన టొమాటో, కింద బంగాళాదుంప కాస్తాయి, ఒక చెట్టుతో కూరా పులుసూ అయిపోతాయి అని జనం సంబరపడ్డారు. తీరా చూస్తే పైన సరైన పండూ లేదు, కింద సరైన దుంపా లేదు. వియ్యం కుదరగానే కాపురం కుదిరినట్టు కాదు కదా.

బంగాళాదుంపకు దాని సొంత అడవి చుట్టాలతో మాత్రం ఈ పద్ధతి బాగా నప్పింది. 1845లో ఐర్లండులో మొదలైన మహాక్షామానికి కారణం దుంప పంటను కుళ్ళబెట్టిన లేట్ బ్లైట్ తెగులు. సుమారు పది లక్షల మంది చనిపోయారు. ఆ తెగులు నేటికీ ఉంది. మెక్సికో అడవి దుంప ఒకటి దాన్ని తట్టుకుంటుంది గాని, మామూలు దుంపతో నేరుగా కలవదు. సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థవారు తెలివైన పని చేశారు. మామూలు దుంపకు 48 క్రోమోజోములు. ముందుగా అందులో సగమే, అంటే 24 ఉన్న మొక్కను తయారుచేసి, దాని కణాన్ని 24 ఉన్న అడవి దుంప కణంతో కలిపారు. మొత్తం 48. ఇంటి దుంపతో సరిసమానం గనక ఆ తరవాత మామూలు పుప్పొడితోనే సంకరాలు సాగించవచ్చు. అలా వచ్చిన మొక్కలను నేరుగా రైతుకు ఇవ్వరు. కొత్త రకాలకు తల్లిదండ్రులుగా వాడతారు. పైగా దుంపను ముక్క కోసి నాటుకుంటాం. గింజ కట్టకపోయినా మంచి మొక్క ఒకటి దొరికితే దాన్ని నిలుపుకోవచ్చు. ఆవకు ఆ వెసులుబాటు లేదు.

వేరుశనగకు ఈ విద్య అబ్బలేదు. కంది, శనగ, వేరుశనగ లాంటి కాయజాతి మొక్కల్లో కవచం విప్పిన కణంనుంచి తిరిగి మొక్కను పెంచడం చాలా కష్టం. అందుకని అక్కడ వేరే దారి తొక్కారు. సాగు వేరుశనగకు 40 క్రోమోజోములు, అడవి చుట్టాలు చాలావాటికి 20. కలిపితే పిల్ల 30తో పుట్టి గొడ్డువుతుంది. కాల్చిసిన్ అనే మందుతో ఆ పిల్ల క్రోమోజోములను రెట్టింపు చేస్తే గింజ కడుతుంది. ఈ కాల్చిసిన్ మన అడవినాభి దుంపలో ఉండే విషమే. 1960లలో అమెరికాలోని ఉత్తర కరోలినాలో కార్డెనాసీ అనే అడవి వేరుశనగతో మొదలుపెట్టిన సంకరాల సంతానం పటాన్‌చెరు చేరింది. తుప్పు తెగులునూ తిక్క ఆకుమచ్చనూ తట్టుకునే రకాలు దాన్నుంచి వచ్చాయి. ధార్వాడవారి జి.పి.బి.డి.4 వాటిలో ఒకటి. బొలీవియా అడవి మొక్క రక్తం ఇవాళ 30 దేశాల వేరుశనగల్లో ఉంది.

హైదరాబాదు వచ్చాక కీర్తి గారి దృష్టి కూడా వేరుశనగ మీదికి మళ్ళింది. కణాలు కలపడం కుదరని చోట ఒక్క జన్యువునే అందించే పద్ధతి చేపట్టారు. శత్రువు బూజులను అడ్డుకోవడానికి ఆవ మొక్క డిఫెన్సిన్ అనే ఒక చిన్న ప్రోటీను తయారుచేసుకుంటుంది. గచ్చిబౌలి ప్రయోగశాలలో ఆయనా ఆయన విద్యార్థులూ ఆ జన్యువును వేరుశనగలో పెట్టారు. ఆ మొక్కలు తిక్క ఆకుమచ్చను మామూలువాటికంటే బాగా తట్టుకున్నాయని 2008లో ప్రకటించారు. ఇక్కడ అప్పుల బాధ లేదు, వచ్చింది ఒక్క నగే. కాని ఒకే జన్యువును బూజు ఎప్పటికో దాటవచ్చు. కణాల కలయికలో ఒకేసారి ఎన్నో జన్యువులు కలిసి వస్తాయి. మోయక తప్పని బరువూ అదే, లాభమూ అదే.

‘ఇలాంటివి తింటే ఏమన్నా అవుతుందా?’ అని మీరు అడుగుతారని తెలుసు. అడగాలి కూడా. ఆవతో కలిపిన తెల్ల ఆవ తరతరాలుగా జనం తింటున్న గింజే. అడవి బంగాళాదుంపల్లో చేదు విషాలు ఉండవచ్చు. అందుకే సంకరాల్లో వాటిని కొలిచి చూడాలి. మామూలు సంకరాలకైనా ఈ జాగ్రత్త తప్పదు. యూరప్‌లో ఎలాగూ సంకరం కాగల మొక్కల కణాలు కలిపితే జన్యుమార్పిడి చట్టాన్ని వర్తింపజేయరు. మన దేశంలో 1989లో చేసిన నిబంధనల్లో మాత్రం కణాలు కలపడాన్ని కూడా పేరుపెట్టి చేర్చారు. డిఫెన్సిన్ పెట్టిన వేరుశనగకు ఎలాగూ ఆ నిబంధనలే. జన్యుమార్పిడి చేసిన వేరుశనగ ఏదీ ఇంతవరకు మన దేశంలో సాగుకు అనుమతి పొందలేదు.

మా వదిన ఇప్పటికీ వేరుశనగే వేస్తుంది. ఈమధ్య వెళ్ళినప్పుడు ఇదంతా చెప్పాను. ఆవజన్యువూ అరవై క్రోమోజోములూ ఓపిగ్గా విని, ‘అవన్నీ వచ్చేలోపల నేనేం చెయ్యను?’ అంది. వైరస్ తెగులుకు శాస్త్రజ్ఞులు చెప్పే జాగ్రత్తలు చెప్పాను: వయ్యారిభామను పూత రాకముందే పీకెయ్యడం, విత్తనానికి మందు పట్టించడం, చేను చుట్టూ నాలుగు వరసలు జొన్నో సజ్జో వేస్తే గాలికి వచ్చే పురుగును కొంత ఆపుతుందని. జొన్న వరసలు ఆవిడకు నచ్చాయి. గొడ్లకు మేతకూడా వస్తుందని.